తాను చూడని ఫలం: డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు జీవితం

కోహీరు పేరు వినగానే జామతోటలు జ్ఞాపకం రావడం సహజం. ఆ పండ్ల తీపితోపాటు మా ఊరికి మరొక ప్రసిద్ధి కూడా ఉంది. అది చలి. మార్గశిర, పుష్య మాసాలలో తెలంగాణలోకెల్లా అతి తక్కువ ఉష్ణోగ్రత నమోదైన చోట్లలో కోహీరు పేరు తరచుగా పత్రికలలో కనబడుతుంది. ఆ రోజులలో అందరికీ పెదవులు పగులుతాయి, మడమలు చీలుతాయి. కొందరికి మాత్రం బాధ అంతటితో ఆగదు. మోచేతుల మీద, మోకాళ్ల మీద, తలలో ఎర్రని మచ్చలు లేచి, వాటిపై వెండి వన్నె పొలుసులు పేరుకుంటాయి. వైద్యులు ఆ వ్యాధిని సోరియాసిస్ అంటారు. చలికాలంలో అది చాలామందిలో ఉద్ధృతమవుతుంది.

కొన్ని సంవత్సరాల క్రితం మా తరగతిలో ఒక విద్యార్థి ఉండేవాడు. ఎండాకాలంలో సైతం నిండు చేతుల చొక్కా తొడుక్కొని వచ్చి, చివరి బల్లమీద ఒంటరిగా కూర్చునేవాడు. అతడు నీళ్లు తాగిన గ్లాసును తోటివారు ముట్టేవారు కారు. తల్లి దర్గాలో మొక్కుకున్నది, తావీజు కట్టించింది. హకీముగారి లేపనం కొన్నాళ్లు నడిచింది. ఇది కుష్ఠురోగమేమోనన్న అనుమానం ఇంటివారినీ ఇరుగుపొరుగువారినీ వేధించింది. ఒకనాడు అతడు వ్యాసం రాసిన పుస్తకాన్ని మా చేతికి అందించినప్పుడు, దానిని అందుకోవడానికి మేము కూడా ఒక్క క్షణం సంకోచించాము. ఆ క్షణాన్ని అతడు గమనించాడు. ఈ సంగతి చెప్పుకొనుటకు మాకు సిగ్గుగానే ఉన్నది. అయినను చెప్పక తప్పదు. ఏలయనగా ఈ వ్యాసానికి మూలం ఆ సిగ్గే.

తరువాత అతనిని పట్టణంలోని చర్మవైద్యునికి చూపించారు. ఇది అంటువ్యాధి కాదని, కుష్ఠు అసలే కాదని ఆయన నిర్ధారించి, వారానికి ఒక్కసారి మాత్రమే వేసుకోవలసిన చిన్న మాత్రలు రాసి ఇచ్చారు. మాత్ర పేరు మెథోట్రెక్సేట్. ఆ పేరుకు అర్థమేమిటని విద్యార్థి మమ్మల్ని అడిగాడు. తెలుగు బోధించే మాకు అది తెలియదు. జంతుశాస్త్రం బోధించే సహాధ్యాపకుల సహాయంతో ఆ మాత్ర పుట్టుపూర్వోత్తరాలు వెదుకుతూ పోగా, దారి అమెరికా మీదుగా తిరిగి తిరిగి భీమవరంలో తేలింది. ఆ మాత్ర వెనుక ఉన్నవాడు ఒక తెలుగువాడు. ఆయనే డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు.

సుబ్బారావుగారు 1895 జనవరి 12వ తేదీన భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథంగారు చిరుద్యోగి. తల్లి వెంకమ్మగారు. సంతానం ఎక్కువ, రాబడి తక్కువ. బాల్యంలో సుబ్బారావు చదువుమీద ఏమంత శ్రద్ధ చూపిన బాలుడు కాడు. పదమూడేళ్ల ప్రాయంలో ధనం సంపాదించాలన్న తలంపుతో, కాశీలో యాత్రికులకు అరటిపండ్లు అమ్ముకోవచ్చునని ఇల్లు విడిచి బయలుదేరాడు. తల్లి అతనిని వెనుకకు రప్పించి మళ్లీ బడిలో కూర్చోబెట్టింది. తండ్రి మరణించిన తరువాత కూడా ఆమె పట్టు సడలించలేదు. మెట్రిక్యులేషన్ పరీక్షలో ఆయన రెండుమార్లు తప్పారు. మూడవమారు మద్రాసు హిందూ ఉన్నత పాఠశాల నుండి ఉత్తీర్ణులయ్యారు. పరీక్ష తప్పగానే జీవితమే తప్పిపోయినదని కుంగిపోయే మన విద్యార్థులు ఈ సంగతిని గుర్తుంచుకోవడం మంచిది.

ప్రెసిడెన్సీ కళాశాలలో చదువు ముగించిన పిదప ఆయన మనసు సన్యాసంవైపు మొగ్గింది. రామకృష్ణ మఠంలో చేరదలచారు. తల్లి అంగీకరించలేదు. చివరకు ప్రజాసేవకు వైద్యమే తగిన మార్గమని తోచి, మద్రాసు వైద్య కళాశాలలో ప్రవేశించారు. ఆ కాలంలోనే ఆయన కుటుంబాన్ని స్ప్రూ అనే వ్యాధి పీడించింది. తిన్న ఆహారం ఒంటబట్టక, రక్తం క్షీణించి, మనిషి ఎముకల గూడై పోయే జబ్బు అది. దాని వల్ల ఆయన సోదరులు ఇద్దరు కొద్ది రోజుల వ్యవధిలో మరణించారు. వైద్యం చదువుతున్నవాడు ఇంట్లోనే ఇట్టి చావులను చేతులు కట్టుకొని చూడవలసి వచ్చినప్పుడు కలిగే వేదన ఎట్టిదో ఊహించవచ్చు.

అవి జాతీయోద్యమం ఊపందుకున్న రోజులు. గాంధీజీ పిలుపును మన్నించి సుబ్బారావుగారు ఖద్దరు ధరించి శస్త్రచికిత్స తరగతికి వెళ్లారు. ఆంగ్లేయుడైన ఆచార్యుడు బ్రాడ్‌ఫీల్డ్‌కు అది రుచించలేదు. ఫలితంగా, పరీక్షలు చక్కగా రాసినప్పటికీ ఆయనకు ఎం.బి.బి.ఎస్. పట్టా లభించలేదు. దానికంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. ఇచ్చి పంపించారు. ప్రభుత్వ వైద్యశాఖలో ఉద్యోగమూ దొరకలేదు. మద్రాసులోని ఆయుర్వేద కళాశాలలో శరీరనిర్మాణ శాస్త్రం బోధించే పనిలో చేరారు. మన ప్రాచీన వైద్యంలోని సారాన్ని ఆధునిక పరీక్షలతో నిగ్గు తేల్చాలన్న కోరిక ఆయనకు అక్కడే కలిగింది.

1920ల ఆరంభంలో ఆయన అమెరికా ప్రయాణమయ్యారు. ప్రయాణపు ఖర్చులకు మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తిగారు తోడ్పడ్డారు. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మనిధి కూడా సాయపడింది. భార్య శేషగిరిగారిని పుట్టింట విడిచి, త్వరలోనే తిరిగివస్తానన్న ఆశతో ఓడ ఎక్కారు. ఆయన మళ్లీ స్వదేశాన్ని చూడలేదు. ఆ దంపతులకు పుట్టిన ఏకైక కుమారుడు శైశవంలోనే మరణించాడు. తండ్రి ఆ బిడ్డ ముఖం చూసి ఎరుగడు.

బోస్టన్ నగరంలోని హార్వర్డు విశ్వవిద్యాలయంలో ఉష్ణమండల వ్యాధుల శాస్త్రం చదువుతూ, పొట్టపోసుకొనుటకు ఆసుపత్రిలో రాత్రిపూట కూలిపని చేశారు. రోగుల మంచాల కింది పాత్రలు శుభ్రపరచే పని కూడా అందులో భాగమే. తరువాత సైరస్ ఫిస్క్ అనే ఆచార్యుని వద్ద జీవరసాయన శాస్త్రంలో పరిశోధన ఆరంభించారు. 1925లో వారిద్దరూ రక్తంలోనూ మూత్రంలోనూ ఉన్న భాస్వరాన్ని రంగు గాఢతను బట్టి కొలిచే పద్ధతిని ప్రకటించారు. ఫిస్క్-సుబ్బారావు పద్ధతి అనే పేరుతో అది తరతరాల విద్యార్థులకు పాఠమైనది. ఆ కొలత చేతికి రాగానే కండరాలలో దాగివున్న రహస్యాలు ఒకటొకటిగా బయటపడ్డాయి. 1927లో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో అడెనోసిన్ ట్రైఫాస్ఫేట్ అనే పదార్థాలను వారు వెల్లడించారు. జర్మనీలో కార్ల్ లోమన్ కూడా అదే 1929లో స్వతంత్రంగా ఈ రెండవ పదార్థాన్ని కనుగొన్నాడు. మనం చేయి కదిపినా, కన్ను ఆర్పినా, ఒక్క మాట పలికినా అందుకు కావలసిన శక్తిని కణాలలో చేతినుండి చేతికి అందించే నాణెం వంటిది ఈ అడెనోసిన్ ట్రైఫాస్ఫేట్. దాని నడుమ ఉన్న అడెనోసిన్ అనే పేరును పాఠకులు గుర్తుంచుకోవాలని మనవి. కథ చివర అది మళ్లీ ఎదురవుతుంది.

ఇంతటి పరిశోధన చేసినా, 1930లో డాక్టరేటు పట్టా పొందినా, హార్వర్డులో ఆయనకు స్థిరమైన స్థానం లభించలేదు. 1940లో ఆయన న్యూయార్కు రాష్ట్రంలోని పెర్ల్ రివర్ అనే చోట ఉన్న లెడర్లీ ఔషధ పరిశోధనశాలకు తరలివెళ్లారు. కొద్దికాలంలోనే అక్కడి పరిశోధన విభాగానికి నాయకత్వం వహించారు. సోదరులను బలిగొన్న స్ప్రూ వ్యాధిని ఆయన మరువలేదు. ఆ జబ్బులోనూ, గర్భిణుల రక్తహీనతలోనూ లోపించే పదార్థమేదో ఆకుకూరలలో, కాలేయంలో ఉన్నదని అప్పటికే శాస్త్రజ్ఞులు పసిగట్టారు. బొంబాయిలోని పేద గర్భిణులకు ఈస్టు సారమిచ్చి లూసీ విల్స్ అనే వైద్యురాలు గుణం చూపిన సంగతి వారికి తెలుసు. 1941లో కొందరు శాస్త్రజ్ఞులు పాలకూర నుండి ఆ పదార్థాన్ని రాబట్టి, లాటిను భాషలో ఆకు అనే అర్థమిచ్చే మాటనుండి ఫోలిక్ ఆమ్లమని నామకరణం చేశారు. 1945లో సుబ్బారావుగారి సహచరులు దానిని ప్రయోగశాలలో కృత్రిమంగా తయారు చేయగలిగారు. స్ప్రూ రోగుల రక్తహీనతకు అది గుణమిచ్చింది. అన్నదమ్ములిద్దరు పోయిన పాతికేళ్ల తరువాత వారి జబ్బుకు మందు దొరికింది.

ఇక్కడ కథ ఒక విచిత్రమైన మలుపు తిరుగుతుంది. బోస్టన్‌లో పసిపిల్లల రక్తపు క్యాన్సరుకు చికిత్స చేస్తున్న సిడ్నీ ఫార్బర్, ఫోలిక్ ఆమ్లం వంటి పదార్థమిస్తే ఆ వ్యాధి తగ్గడానికి బదులు పెచ్చుపెరుగుతున్నట్లు గమనించాడు. అది పెరుగుదలకు ఆహారమైతే, ఆ ఆహారాన్ని అడ్డుకొనే మారువేషపు పదార్థం కావాలి. తాళంచెవిని పోలివుండి తాళంలో దూరుతుంది గాని తిరగని దొంగ తాళంచెవి వంటిది కావాలి. లెడర్లీ రసాయన శాస్త్రజ్ఞులు ఫోలిక్ ఆమ్లపు అణువులో చిన్న మార్పులు చేసి అట్టి పదార్థాలను సృష్టించారు. వాటిలో ఒకటి అమినోప్టెరిన్. 1948 జూన్‌లో ఫార్బర్ ప్రకటించిన ఫలితాలలో 16 మంది బిడ్డలకు ఆ మందు ఇవ్వగా 10 మందిలో వ్యాధి తాత్కాలికంగా తగ్గుముఖం పట్టింది. రసాయన చికిత్స చరిత్రలో అదొక మైలురాయి. అమినోప్టెరిన్‌కు తోబుట్టువు వంటిది మెథోట్రెక్సేట్. అదీ ఆ పరిశోధనశాలలోనే పుట్టింది.

అదే కాలంలో బోదకాలు వ్యాధికి వాడే డైఇథైల్‌కార్బమజీన్, నేలలోని సూక్ష్మజీవి నుండి బెంజమిన్ డుగ్గర్ వెలికితీసిన ఆరియోమైసిన్ కూడా సుబ్బారావుగారి నాయకత్వంలోని ఆ పరిశోధనశాల నుండే వెలువడ్డాయి. ఈ విజయాలు కళ్లెదుట ఉండగానే, 1948 ఆగస్టు నెలలో, 53 ఏళ్ల వయసులో, ఆయన నిద్రలోనే కన్నుమూశారు. భారతదేశానికి స్వాతంత్ర్యం వచ్చి అప్పటికి ఏడాది అయింది. పాతికేళ్లు అమెరికాలో బ్రతికినా ఆ దేశపు పౌరసత్వం ఆయన స్వీకరించలేదు.

మా విద్యార్థి వేసుకున్న మాత్ర కథ ఆయన మరణానంతరమే మొదలయింది. 1951లో న్యూయార్కులో గుబ్నర్ అనే వైద్యుడు కీళ్లవాతపు రోగులకు అమినోప్టెరిన్ ఇచ్చి చూశాడు. వారిలో సోరియాసిస్ కూడా ఉన్నవారి చర్మం మీద మచ్చలు తేలికపడినట్లు ఆయన గమనించాడు. వెదికినది కీళ్ల బాధకు మందు, కనబడినది చర్మానికి మేలు. 1958లో ఎడ్మండ్‌సన్, గై అనే వైద్యులు మెథోట్రెక్సేట్‌తో సోరియాసిస్ చికిత్సను వివరించారు. 1970ల ఆరంభంలో అమెరికా ప్రభుత్వం ఈ వ్యాధికి ఆ మందును ఆమోదించింది. 1988లో కీళ్లవాతానికి కూడా అనుమతి లభించింది.

పెరుగుదలను అడ్డుకొనే మందు పొలుసుల జబ్బును ఎట్లు శాంతింపజేసింది? ఇది తెలియాలంటే చర్మం సంగతి కొంత తెలియాలి. చర్మమంటే ఒంటిని కప్పిన తొడుగు మాత్రమే అని మేము అనుకొనేవారము. అది నిజం కాదు. చర్మపు పైపొరలోని కెరటినోసైట్లు అనే కణాలు ఊరి పొలిమేరలో నిలిచిన కావలివారి వంటివి. గాయమైనా, సూక్ష్మజీవి చొరబడినా అవి సైటోకైన్లనే ప్రోటీనులను విడుదల చేస్తాయి. ఊరిలో అగ్గి పుట్టినప్పుడు దండోరా వేసినట్లు, ఈ ప్రోటీనులు రక్తంలోని రక్షక కణాలను ఆ చోటికి పిలుస్తాయి. వాటిలో ఇంటర్‌ల్యూకిన్-1 అనే దానిని కణం ముందుగానే తయారుచేసి తనలో దాచుకొని ఉంటుంది. కణం గాయపడగానే అది బయటపడుతుంది.

దండోరా వేయడం ఎంత అవసరమో, ఆపడం అంతే అవసరం. అందుకే ప్రకృతి ప్రతి పిలుపుకూ ఒక కళ్లెం అమర్చింది. కణంలో ఎన్‌ఎఫ్-కప్పా-బి అనే ప్రోటీను ఈ పిలుపులకు పెద్ద మీట. మామూలు సమయంలో దానిని మరొక ప్రోటీను పట్టి బంధించి ఉంచుతుంది. ఆపద సంకేతం రాగానే ఆ బంధించిన ప్రోటీను ఛిద్రమై, మీట కణకేంద్రంలోకి పోయి, సైటోకైన్ల జన్యువులను మేల్కొలుపుతుంది. విశేషమేమనగా, అది మేల్కొలిపే జన్యువులలో తన్ను తిరిగి బంధించే ప్రోటీనుకు సంబంధించిన జన్యువు కూడా ఒకటి. ఏ-20 అనే మరో అదుపు ప్రోటీను జన్యువు సైతం వాటిలో ఉన్నది. అంటే దండోరా వేసేవాడే, ఇక చాలునని చెప్పేవానిని కూడా పిలుచుకొని వస్తాడన్నమాట. ఇంటర్‌ల్యూకిన్-1 కు కూడా దాని స్థానాన్ని ఆక్రమించి ఊరకుండే ప్రత్యర్థి ప్రోటీను ఒకటి ఉన్నది.

సోరియాసిస్‌లో ఈ కళ్లెం సడలుతుంది. చర్మంలోని కొన్ని కణాలు ఇంటర్‌ల్యూకిన్-23 ను వెలువరిస్తాయి. దానికి స్పందించి టి-కణాలు ఇంటర్‌ల్యూకిన్-17 ను వదులుతాయి. దానితో కెరటినోసైట్లు రెచ్చిపోయి మరిన్ని పిలుపులు పంపుతాయి. ఆ పిలుపులకు మరిన్ని కణాలు వస్తాయి. ఈ చక్రం ఆగదు. మామూలుగా చర్మపు పైపొర మారడానికి సుమారు నెల రోజులు పట్టగా, ఇక్కడ కొద్ది రోజులలోనే కొత్త కణాలు పైకి తోసుకువస్తాయి. అవి పరిపక్వం కాకుండానే పేరుకొని పొలుసులవుతాయి. ఏ-20 జన్యువులోని కొన్ని తేడాలకు ఈ వ్యాధితో సంబంధమున్నట్లు శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. కనుక ఇది ఒకరినుండి మరొకరికి అంటుకొనేది కాదు. శాపమూ కాదు, శుభ్రత లేకపోవడమూ కాదు. తన్ను తాను కాపాడుకోవాలన్న చర్మం ఆరాటం అదుపు తప్పడమే ఇది.

మెథోట్రెక్సేట్ ఈ చక్రాన్ని ఎట్లు నెమ్మదింపజేస్తుందన్న ప్రశ్నకు 1990లలో ఒక ముఖ్యమైన సమాధానం లభించింది. తక్కువ మోతాదులో వారానికొకసారి ఇచ్చినప్పుడు, ఆ మందు కణంలోని ఒక ఎంజైమును అడ్డుకొంటుంది. తత్ఫలితంగా కణాల వెలుపల ఒక పదార్థం పరిమాణం పెరుగుతుంది. అది రక్షక కణాల మీది గ్రాహకాలను తాకి, సైటోకైన్ల ఉత్పత్తిని తగ్గించమని సంకేతమిస్తుంది. మందు పనిచేసే మార్గం ఇదొక్కటే కాకపోయినా, ముఖ్యమైన మార్గాలలో ఇది ఒకటి. ఆ శాంతిదూత పేరు అడెనోసిన్.

పాఠకులకు ఈ పేరు గుర్తుండే ఉంటుంది. 1929లో సుబ్బారావుగారు వెల్లడించిన ఆ శక్తి నాణెంలోనిదే ఈ అడెనోసిన్. నాణెం నుండి భాస్వరపు అంశాలు మూడూ విడిపోగా మిగిలేది అదే. యౌవనంలో ఆయన కండరంలో కనుగొన్న పదార్థపు అంశమే, జీవిత చరమదశలో ఆయన పరిశోధనశాల సృష్టించిన మందుకు సాధనమైనది. ఈ రెండు దారులు కలుస్తాయని ఆయనకు తెలియదు. అవి కలిసిన చోటు బయటపడేనాటికి ఆయన పోయి నాలుగు దశాబ్దాలు దాటింది.

మరొక విశేషం కూడా ఉన్నది. మెథోట్రెక్సేట్ వాడేవారికి వైద్యులు తోడుగా ఫోలిక్ ఆమ్లపు మాత్రలు కూడా ఇస్తారు. మందు కలిగించే బాధలను అది తగ్గిస్తుంది. సోదరుల జబ్బును తలచుకొని తయారుచేసిన విటమినూ, ఆ విటమినును అడ్డుకొనుటకు తయారైన మందూ ఒకే రోగి పెట్టెలో పక్కపక్కన ఉంటాయి. మా విద్యార్థి పెట్టెలో మేము ఆ రెండింటినీ చూశాము.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ఈ మాత్ర వారానికి ఒక్కసారి వేసుకోవలసినది. పొరపాటున ప్రతిదినం వేసుకొన్నవారికి ప్రాణాపాయం కలిగిన సందర్భాలున్నాయి. గర్భిణులు దీనిని వాడరాదు. కాలేయాన్నీ రక్తాన్నీ వైద్యుడు అప్పుడప్పుడు పరీక్షిస్తూ ఉండాలి. మందుల చీటీని చదవలేని ఇళ్లలో చదువుకున్న పిల్లలే ఈ సంగతి విడమరచి చెప్పాలి. నేడు సైటోకైన్లను సూటిగా అడ్డుకొనే ఖరీదైన సూదిమందులు కూడా వచ్చాయి. అయినను పేదవానికి అందే ఈ చౌక మాత్ర తన స్థానాన్ని కోల్పోలేదు.

సుబ్బారావుగారి పేరును శాస్త్రలోకం పూర్తిగా మరువలేదు. 1953లో ఒక శిలీంధ్రానికి సుబ్బరోమైసెస్ అని పేరు పెట్టారు. 1995లో శతజయంతి సందర్భంగా భారత తపాలాశాఖ ఆయన బొమ్మతో బిళ్ల వెలువరించింది. అయినను ఆయన మందు మింగే తెలుగువారిలో ఆయన పేరు ఎరిగినవారు ఎందరు? మేమే ఎరుగము గదా. తన కృషిని చాటుకొనే స్వభావం ఆయనది కాదు. దండోరా ఎప్పుడు ఆపవలెనో చర్మకణానికి నేర్పిన మందు వెనుకనున్న మనిషి, తన పేరుకు మాత్రం ఏనాడూ దండోరా వేయించుకోలేదు.

మా విద్యార్థికి కొన్ని నెలలలో మచ్చలు చాలావరకు తగ్గాయి. పూర్తిగా పోలేదు. చలికాలం రాగానే మోచేతుల మీద మళ్లీ కనబడేవి. కాని అతడు మరుసటి సంవత్సరం పొట్టి చేతుల చొక్కాతో వచ్చి మొదటి బల్లమీద కూర్చున్నాడు. సుబ్బారావుగారి కథను మేము తరగతిలో చెప్పిననాడు, అతని పక్కనున్న మిత్రుడు అతని గ్లాసు తీసుకొని నీళ్లు తాగాడు. ఎవరూ ఏమీ అనలేదు. ఆ రోజు వ్యాస పుస్తకాలను చేతికి అందుకొనేటప్పుడు మేము మొదట అతని వద్దకే వెళ్లాము.

మా ఊరి తోటలలో ముసలివారు జామమొక్కలు నాటుతూ ఉంటారు. ఆ చెట్టు నీడన కూర్చొని పండు తినే భాగ్యం తమకు ఉంటుందో లేదోనన్న లెక్క వారికి ఉండదు. ఖద్దరు కట్టినందుకు పట్టా పోగొట్టుకొని, కన్నబిడ్డ ముఖమైనా చూడక, పరాయిదేశంలో కన్నుమూసిన ఆ భీమవరం వాసి నాటిన చెట్టు ఫలం మా కోహీరులో ఒక పేద విద్యార్థికి అందింది. ఈ సంవత్సరం చలికాలంలో మీ పక్కన ఎవరైనా నిండు చేతుల చొక్కా వెనుక దాగుకొని కూర్చుంటే, వారి చేతిని నిస్సంకోచంగా అందుకొనండి. ఆ మహనీయునికి మనం చెల్లించగల ఋణం అదే.